రెండు గ్లాసుల జ్ఞానం

అరవై ఎనిమిదో సంవత్సరం శివరాత్రి నాడు, శ్రీముఖలింగంలో, వంశధార ఇసుకలో, మిట్టమధ్యాహ్నం నాకు జ్ఞానోదయం అయింది. మునులు దీనికోసం ఏళ్ళ తరబడి ఒంటికాలి మీద నిలబడేవారట. నాకు రెండు గ్లాసుల పానకం సరిపోయింది. మా ఊళ్ళో నన్ను తెలివైనవాడని ఊరికే అనరు.

ముందు ఆ పానకం సంగతి చెప్పాలి. శివరాత్రి జాతరకి ఒరిస్సా వైపు నుంచి బోలెడు జనం దిగుతారు. వాళ్ళలో కొందరు ఇసుకలో గుడారం వేసుకుని, రాతి మీద ఆకు నూరి, పాలూ బెల్లమూ మిరియాలూ కలిపి పెద్ద కుండ నిండా పొణా చేస్తారు. వాళ్ళ భాషలో పొణా అంటే పానకమే. ఆకు పడితే మాత్రం అది భంగు. ఈ తేడా నాకు తెలియదని చెబితే మీరు నమ్ముతారు గానీ, తెలుసు. అయినా ఆ రోజు ఉపవాసం కదా. నమలకూడదు గానీ తాగితే తప్పులేదని శాస్త్రం. ఏ శాస్త్రమో నన్ను అడక్కండి, మా వీధివాడు సోములుని అడగండి. గ్లాసు చేతిలో పెట్టింది వాడే.

"తాగు జగ్గన్నా. దేముడి పెసాదం."

"ఇందులో ఏటి కలిపినార్రా?"

"బత్తి కలిపినారు. తాగెహే, ఎనకాల జనం ఉన్నారు."

తాగాను. పావుగంట చూశాను. ఏమీ పట్టలేదు. పట్టలేదు కదా అని రెండోది అడిగి తాగాను. నా జీవితంలో చేసిన పెద్ద తప్పులన్నీ ఇలాంటివే. మొదటిది ఎవరికీ పట్టలేదని రెండోది చేస్తాను.

మా ఆవిడ గురమ్మ అప్పుడు పక్కింటి తవిటమ్మతో కలిసి గుడి దగ్గర వరసలో నిలబడి ఉంది. నేను బండి నీడన కూర్చున్నాను. ముందుగా ఇసుక ఊపిరి తీసుకుంది. ఇసుక ఊపిరి తీసుకోవడం మీరు చూసి ఉండరు. బాగానే ఉంటుంది. తర్వాత పచ్చబడింది. కనుచూపు మేర వరి నారు. ఒక్కొక్క మొక్కా విడివిడిగా, పేరు పెట్టి పిలవొచ్చు అన్నంత స్పష్టంగా ఉంది. గాలికి అన్నీ ఒక్కసారి నా వైపు తిరిగాయి. ఆహా, సృష్టి అంతా నన్నే చూస్తోంది అనుకున్నాను. నాలాంటి వాడికి భంగు ఇస్తే ఇదే కదా తడుతుంది.

అప్పుడు గట్టు మీద లక్ష్ముడు కనిపించాడు.

నెత్తిన వానకి అడ్డంగా తాటాకు గిడుగు, మోకాళ్ళ దాకా బురద. నా దగ్గరికొచ్చి నిలబడ్డాడు. నోరు తెరిచి చెప్పవలసిన మాట చెప్పాడు. నేనిచ్చిన చోడంబలి తాగాడు. ఇంతవరకూ నాకు కొత్త కాదు. పదకొండేళ్ళుగా లక్ష్ముడు అప్పుడప్పుడు నా తలలోకి వస్తూనే ఉన్నాడు. అంబలి తాగి మూతి తుడుచుకునే చోట నేను వేరే పని చూసుకుంటాను. ఎద్దుకి గడ్డి వేస్తాను, లేకపోతే ఎవరినైనా తిడతాను. ఆ రోజు ఇసుకలో వేరే పని దొరకలేదు. లక్ష్ముడు మూతి తుడుచుకుని, గిడుగు నెత్తిన పెట్టుకుని, వెనక్కి తిరిగి నడిచాడు. వాడి వీపు చూడటం నాకు అదే మొదటిసారి. వాగులూ గట్లూ దాటుకుంటూ పదిహేను మైళ్ళు నడిచి, మా బావమరిది అసిరయ్య అరుగు మీద గిడుగు దించి, నోరు తెరిచాడు. మళ్ళీ మొదటినుంచి గట్టు మీద కనిపించాడు. ఎన్నిసార్లు తిరిగాడో నేను లెక్కపెట్టలేదు. రెండు గ్లాసులకి ఎన్నిసార్లు వస్తుందో అన్నిసార్లు.

ఈ లక్ష్ముడెవరో, ఏం చెప్పాడో ఇక్కడే చెప్పేస్తాను. దాస్తే ఏమవుతుందో నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

లక్ష్ముడు అసిరయ్య ఇంట్లో కంబారి. ఏడాది జీతానికి పొలం పనులు చేసేవాడు. అసిరయ్య మా ఆవిడకి తమ్ముడు, శ్రీకూర్మం దగ్గర వాళ్ళ ఊరు. యాభై ఏడులో ఒక సోమవారం మా ఉభాలు, అంటే వరినాట్లు. పదిహేను రోజులు ముఖం చాటేసిన వాన ఆ ముందు రోజే పడింది. నారు ముదిరిపోతోంది. పద్దెనిమిది మంది ఆడవాళ్ళని బతిమాలి తెచ్చాను, ఆ ఒక్క రోజుకే ఒప్పుకున్నారు. మా వైపు ఇంటి ఇల్లాలే మొదటి కట్ట పాతాలి. గురమ్మ పసుపు రాసిన నారు కట్ట చేతిలో పట్టుకుని మడిలో దిగింది. అప్పుడొచ్చాడు లక్ష్ముడు. "అమ్మగోరికి బాగోనేదు బాబూ. గురమ్మగోరిని ఒక్కసారి సూడాలని పేనం పట్టుకునున్నాది. బండి కట్టమన్నారు" అన్నాడు.

అమ్మగారంటే మా అత్త నారాయణమ్మ. అంతకుముందు రెండుసార్లు ఇలాగే పోతుందని కబురొచ్చి, మేం వెళ్ళేసరికి లేచి కూర్చుని మాకే వడ్డించింది. ఈసారి నిజంగా పోతే? కూతురికి మైల. మైల మనిషి నారు ముట్టకూడదు, ఆ ఇంటి ఉభాలు ఆగిపోవాలి. ఇక్కడ మా పెద్దలు ఒక మంచి సదుపాయం పెట్టారు. మైల చావుతో అంటదు, విన్నప్పుడు అంటుతుంది. వినకపోతే లేదు. వెళ్తే వింటుంది. పొలాలున్న వాళ్ళు పెట్టిన నియమం అని వేరే చెప్పాలా? కాబట్టి నేను లక్ష్ముడిని గట్టుకి అవతలే ఆపి, అంబలి పోసి, "నాను సెప్తాను, నువ్వెల్లు" అన్నాను.

దీపాలు పెట్టే వేళకి ఆఖరి మడి అయింది. గురమ్మ కాళ్ళు కడుక్కుంటుంటే, "ఇప్పుడే కబురొచ్చింది" అని చెప్పాను. ఊపిరాడనంత కంగారు కూడా నటించాను, బాగానే కుదిరింది. రాత్రంతా వానలో, వాగులో, బురదలో బండి తోలుకుని తెల్లారి బాగా పొద్దెక్కాక చేరాం. అప్పటికి శ్మశానం నుంచి అందరూ తిరిగొచ్చి స్నానాలు చేస్తున్నారు. గుమ్మంలో గురమ్మ తమ్ముడి చొక్కా పట్టుకుని, "కబురు ముందు ఎందుకు పంపనేదురా పాపిష్టోడా?" అని అరిచింది. అసిరయ్య ఆవిడ భుజం మీదుగా నన్ను చూశాడు. కాసేపు చూశాడు. "వాన కదప్పా. ఆలీసమైపోనాది" అన్నాడు.

ఆ రోజు నుంచి ఆవిడ తమ్ముడితో మాట్లాడలేదు. పదకొండేళ్ళు. అసిరయ్య ఆ చూపుకి అర్థం ఏమిటని నేను ఒక్కసారైనా ఆలోచించలేదు. ఆలోచించకుండా ఉండటంలో నాది పాత సాధన. ముఖలింగంలో ఆ సాధనే చెడింది. నాకు కలిగిన జ్ఞానం ఇంతే: వచ్చిన లక్ష్ముడు తిరిగి కూడా వెళ్ళాడు. వెళ్ళి ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. అసిరయ్యకి ఆ క్షణం నుంచీ తెలుసు. మునులకి ఇంతకన్నా పెద్దది ఏదో తెలుస్తుందంటారు. వాళ్ళు పొణా ఎక్కడ తాగేవారో కనుక్కోవాలి.

మర్నాడు ఇంట్లో, మంచం మీద కళ్ళు తెరిచాను. జాగరణ చెయ్యవలసిన రాత్రి బండిలో గుర్రుపెట్టి నిద్రపోయిన మొదటి భక్తుణ్ణి నేనే అయ్యుంటాను. తల బరువు, నాలుక చెక్కముక్క. అందరికీ ముందు దాహం గుర్తొస్తుంది. నాకు గుర్తొచ్చింది వేరు. నోరు జారానా? గురమ్మ వింటూ ఉండగా అన్నీ చెప్పేశానా?

అటూ ఇటూ చూశాను. గురమ్మ గుమ్మంలో చేట పట్టుకుని నిలబడి ఉంది. ముఖంలో ఏమీ లేదు. ఏమీ లేని ముఖం అంత భయపెడుతుందని నాకు అప్పటిదాకా తెలియదు.

"నానేటైనా సేసినానా?" అన్నాను.

"ఎడ్ల కాల్లట్టుకుని ఏడ్సినావు. ముందు కుడెద్దు, తరవాత ఎడమెద్దు. ఎడమెద్దుకి సానాసేపు ఏటో సెప్పినావు."

"ఏటి సెప్పినాను?"

"ఎద్దునడుగు."

వెళ్ళిపోయింది. నేను లేచి కొట్టంలోకి వెళ్ళి ఎడమెద్దు వైపు చూశాను. అది నెమరు వేసుకుంటోంది. దాని సంగతి నమ్మకమే. మిగతావాళ్ళ సంగతి తేల్చుకోవాలి కదా, సోములు ఇంటికి పోయాను. నన్ను చూడగానే వాడు పొట్ట పట్టుకుని నవ్వాడు.

"రా సావీ రా! పాదాలియ్యి, మొక్కుతాను."

"నవ్వకు గానీ, నిన్న నానేటేటి మాటాడినాను?"

"ఏటేటి మాటాడలేదనడుగు. ఆ ఒరియావోడి గెడ్డం పట్టుకుని అన్నయ్యా అన్నావు. కొబ్బరిబొండాల ముసిలిదానికి నీ కండవా ఇచ్చేసినావు, అది మల్లీ తెచ్చిచ్చినాది, ఇంకోటి లేదని సెప్పి ఏడ్సినావు. ఆనక మొదలెట్టినావు లక్ష్ముడని."

"ఏ లక్ష్ముడు?"

"నాకేటెరక? 'లక్ష్ముడు ఇంటికెల్లిపోనాడా, లక్ష్ముడు ఇంటికెల్లిపోనాడా' అని వచ్చినోడినీ పోయినోడినీ అడిగినావు. పాపం ఎవుడో తప్పిపోనాడనుకుని మైకుకాడికెల్లి సెప్పించినాను. 'లక్ష్ముడు ఎక్కడున్నా బేగి పందిరికాడికి రావలెను' అని నాలుగుసార్లు అరిసినాడు మైకోడు. ముగ్గురొచ్చినారు."

"ముగ్గురా?"

"ముగ్గురు లక్ష్ములు. అందర్నీ కావలించుకుని, 'నువ్వు కాదు' అని పంపేసినావు. మూడోవోడికి కోపమొచ్చినాది."

"ఇంకేటీ సెప్పలేదా? అత్త అనీ, కబురు అనీ…"

"లేదన్నా. ఎందుకూ, ఏటైనా ఉన్నాదేటి?"

"ఏటీ నేదు" అన్నాను. ఏమీ లేదు. బయటపడ్డాను. ఇంటికి నడుస్తుంటే ఒళ్ళు తేలిపోయింది, రెండు గ్లాసులకి కూడా అంత తేలలేదు. పదకొండేళ్ళ పాపం కళ్ళారా చూసి వచ్చినవాడు మొట్టమొదట చేసిన పని, అది ఎవరికీ తెలియలేదని సంతోషించడం.

ఆ సాయంత్రం గురమ్మ అన్నం పెడుతూ అడిగింది. "నిన్న నువ్వు కలవరించినావు కదా, లక్ష్ముడని. మా పుట్టింటి లక్ష్ముడు కాదు కదా?"

ముద్ద గొంతులో ఆగింది. "ఏం?"

"ఆడు సచ్చిపోయి మూడేళ్ళయినాది. దెయ్యమై పట్టుకున్నాడేమోనని తవిటమ్మ అంటన్నాది."

చచ్చిపోయాడు! నాకు తెలియదు. ఎలా తెలుస్తుంది, మేం ఆ ఊరికి వెళ్ళడమే మానేశాం. ఈవిడకి ఎవరో సంతలో చెప్పారట. సాక్షి పోయాడు. అసిరయ్య ఇన్నేళ్ళు చెప్పనివాడు ఇప్పుడు చెప్పడు. ఎడమెద్దు అసలే చెప్పదు. నేను నిండు నూరేళ్ళూ క్షేమం. ఆ ఆలోచనతోనే ముద్ద దిగింది. దిగిన తర్వాత గుర్తుపట్టాను, ఒక మనిషి చావు విని నా ఒంట్లో వచ్చింది ఊరట అని. వానలో పదిహేను మైళ్ళు నడిచి వచ్చిన మనిషి. నేనిచ్చిన అంబలికి దండం పెట్టిన మనిషి. రెండో ముద్ద పెట్టుకోలేకపోయాను.

భంగు రెండో రోజుకి దిగిపోతుందని అందరూ చెప్పారు. నిజమే, దిగింది. కానీ వెళ్తూ వెళ్తూ తలుపు వెయ్యలేదు. పడుకుంటే లక్ష్ముడి వీపు. పొలంలో పెసరకాయ కోస్తుంటే లక్ష్ముడి వీపు. ఎవరినైనా తిడదామని నోరు తెరిస్తే తిట్టు రాలేదు. దాంతో ఊళ్ళో నాకు మంచి పేరొచ్చింది. తవిటమ్మ వచ్చి నా ఎదుట కూర్చుని, "శివుడు నీకు ఎలాగ కనపడ్డాడు నాయినా? పామున్నాదా మెడలో?" అని అడిగింది. గిడుగు పెట్టుకుని వచ్చాడని చెబితే ఏమనుకునేదో.

అన్నిటికన్నా దారుణం ఏమిటంటే గురమ్మకి నా మీద ప్రేమ పుట్టింది. ఇరవై రెండేళ్ళ కాపరంలో ఎప్పుడూ లేనిది, నాకు వేరేగా చేపల పులుసు పెట్టింది. నేను ఆవిడ వైపు చూడలేక తల దించుకుంటే, దాన్ని అణకువ అనుకుంది. "ఈ వారం నువ్వు మనిసిలాగున్నావు మావా. ఏటేటా ఎల్దాం ముకలింగం" అంది. మనిషిలా ఉన్నందుకు పెట్టిన పులుసు.

ఎనిమిదో రోజున అసిరయ్య వచ్చాడు.

కూతురి పెళ్ళి, పది రోజుల్లో. తమలపాకులూ పసుపూ కుంకుమా పళ్ళెంలో పట్టుకుని, అక్కని పిలవడానికి. ఇంట్లో ఏ శుభకార్యం ఉన్నా వచ్చి పిలిచేవాడు. ఆవిడ వంటింట్లోంచి బయటికి వచ్చేది కాదు. ఈసారీ అంతే. వీధి అరుగు మీద నిలబడి, "అప్పా, నీ మేనకోడలి పెల్లి. నువ్వే రావాల" అన్నాడు లోపలికి. లోపల గిన్నె చప్పుడైంది. గుమ్మం దగ్గర మంచినీళ్ళ చెంబు పెట్టి ఉంది, ఎప్పుడు పెట్టిందో కనపడలేదు. అసిరయ్య నీళ్ళు తాగి, పళ్ళెం గుమ్మంలో పెట్టి, "ఎల్తాను బావా" అన్నాడు.

నేను ఊరి చివర దాకా వెంట వెళ్ళాను. నాకంటే ఎనిమిదేళ్ళు చిన్నవాడు, జుట్టు నాకంటే ఎక్కువ నెరిసింది. జీడితోట దాటాక అడిగాను.

"ఒరే అసిరయ్యా, లక్ష్ముడు ఆ రోజు తిరిగొచ్చి ఏటి సెప్పినాడు?"

ఏ రోజు అని అతను అడగలేదు.

"ఇప్పుడెందుకు బావా అదంతా."

"సెప్పు."

"నీకు సెప్పినానని సెప్పినాడు. అంబలి పోసినావని సెప్పినాడు. అప్ప మడిలో కనపడ్డాది గానీ నువ్వు దగ్గిరికి ఎల్లనివ్వలేదని సెప్పినాడు."

"మరి ఆవిడకి ఎందుకు సెప్పనేదురా? పదకొండేల్లు తిట్టించుకున్నావు."

అసిరయ్య కండువాతో మెడ తుడుచుకున్నాడు. "అమ్మ పోనాది. అంటే అప్పకి పుట్టిల్లు పోనాది. నీ సంగతి తెలిస్తే ఉన్న ఇల్లు కూడా పోతాది. ఇంకెక్కడికెల్తాది బావా? తిడితే నన్ను తిట్టనీ అనుకున్నాను."

చెప్పేసి వెళ్ళిపోయాడు. నన్ను తిట్టలేదు, కొట్టలేదు, కనీసం ఉమ్మెయ్యలేదు. అలాంటి మర్యాద తెలిసినవాళ్ళతో బతకడం చాలా కష్టం.

ఇంటికి వచ్చేసరికి గురమ్మ పెరట్లో పెసలు చెరుగుతోంది. పసుపు పళ్ళెం గుమ్మంలో పెట్టింది పెట్టినట్టే ఉంది.

"పోనాడా?" అంది.

"పోనాడు. పెల్లికి ఎల్దామా?"

"అమ్మ సావుబతుకుల్లో ఉంటే కబురెట్టనోడు, పెల్లికి మాత్రం పరిగెత్తుకొచ్చినాడు. నువ్వెల్లు. నాను రాను."

అప్పుడు రెండు దారులున్నాయి. ఒకటి, సరే అని చుట్ట వెలిగించుకోవడం. పదకొండేళ్ళుగా నడిచి నున్నబడిన దారి. ఇంట్లో పొణా లేదు. ఉంటే తాగి చెప్పేవాణ్ణి, తర్వాత ఆకు మీద నెట్టేవాణ్ణి. లేదు కాబట్టి ఉత్త నోటితోనే చెప్పవలసి వచ్చింది.

"కబురెట్టినాడు" అన్నాను.

చేట ఆగలేదు. "ఏటి?"

"ఉభాలనాడు పొద్దున్నే లక్ష్ముడొచ్చినాడు. నాకు సెప్పినాడు. నానే నీకు సెప్పనేదు. సాయంత్రం సెప్పినాను, అప్పుడే వచ్చినట్టు."

చేట ఇంకో రెండుసార్లు ఎగిరింది, అలవాటుకొద్దీ. తర్వాత ఆగింది. పెసలు చేట అంచున నిలబడ్డాయి.

"పొద్దున్న ఎప్పుడు?"

"నువ్వు మొదటి కట్ట పట్టుకుని మడిలో దిగినప్పుడు."

అరుస్తుంది అనుకున్నాను. చేట నా ముఖాన కొడుతుంది అనుకున్నాను. నిజం చెప్పాలంటే కొట్టాలని కోరుకున్నాను, కొడితే ఒక లెక్క తీరిపోతుందని.

"ఆ రోజు నాను పాట పాడినాను" అంది. "పద్దెనిమిది మందికి నానే ముందు పాడినాను. గట్టిగా పాడవే, పని సాగుతాది అన్నావు నువ్వు గట్టు మీద నిలబడి. అక్కడ మాయమ్మ నాకోసం సూస్తంటే నానిక్కడ గొంతెత్తి పాడినాను."

నాకు గుర్తులేదు. నేనన్న మాట నాకు గుర్తులేదు. భంగు కూడా అది చూపించలేదు. నా పాపాలన్నీ చూసేశాననుకుని వారం రోజులుగా తలవంచుకుని తిరుగుతున్నాను. చూసింది సగమేనన్నమాట.

"నీకు మత్తు దిగినాదా?" అని అడిగింది.

"దిగినాది."

"దిగినాక సెప్తన్నావా?"

"ఆ."

తల ఊపింది. మిగిలిన పెసలు చెరిగింది. బుట్టలో పోసింది. లోపలికి వెళ్ళింది. మర్నాడు పొద్దున్నే ఉతికిన చీర కట్టుకుని, పసుపు పళ్ళెం చేత్తో పట్టుకుని బస్సు ఎక్కింది. నన్ను రమ్మనలేదు, వద్దనలేదు. నేను వెనక తలుపు నుంచి ఎక్కి నిలబడ్డాను. శ్రీకాకుళంలో దిగి రెండో బస్సు ఎక్కినప్పుడు కూడా అంతే. టిక్కెట్టు ఆవిడది ఆవిడే తీసుకుంది.

పెళ్ళిపందిరికి రాటలు పాతుతున్న అసిరయ్య అక్కని చూసి గునపం వదిలేశాడు. "అప్పా!" అన్నాడు. నవ్వబోయి, వెనకాల నా ముఖం చూసి ఆగిపోయాడు. నేనూ మాట్లాడదామని గొంతు సవరించుకున్నాను. బస్సులో కూడబలుక్కున్నాను, క్షమించమని ఎలా అడగాలో, ఏ మాట ముందు, ఏది వెనక. మంచి ఉపన్యాసమే. గురమ్మ చెయ్యి ఎత్తి ఆపింది.

"ఒరే, లక్ష్ముడి సంగతి నీకు తెలుసునా?"

"అప్పా, అది…"

"తెలుసునా నేదా?"

"తెలుసును."

"అయితే ఇద్దరికీ తెలుసును. నాకు తప్ప." గొంతు పెంచలేదు. "ఈయన పంట కాపాడినాడు. నువ్వు కాపరం కాపాడినావు. బాగా కాపాడినార్రా నన్ను ఇద్దరూ కలిసి. నా తమ్ముడు సెడ్డోడు కాడని నాకు ఒక్కరోజైనా తెలియనిచ్చినావా? మాయమ్మ నాకోసం అడిగినాదని నాకెవుడైనా సెప్పినాడా? అడిగినాదో నేదో కూడా తెలీక పదకొండేల్లు బతికినాను."

త్యాగమూర్తి అసిరయ్య తల దించుకున్నాడు. నేను ఎలాగూ దించుకునే ఉన్నాను. మా ఇద్దరినీ అలా చూస్తే ఎవరు దొంగో ఎవరు దొరో చెప్పడం కష్టమయ్యేది.

ఆవిడ లోపలికి వెళ్ళి, మధ్యగదిలో పడమటి గోడవార, ఒకప్పుడు వాళ్ళమ్మ మంచం ఉండే చోట కింద కూర్చుంది. తమ్ముడిని ఎదురుగా కూర్చోమంది. నేను గుమ్మం బయట అరుగు మీద నిలబడ్డాను. నన్ను ఎవరూ కూర్చోమనలేదు, పొమ్మనలేదు.

"ఇప్పుడు సెప్పు. అమ్మకి ఆ ఆదివారం ఎలాగున్నాది?"

అసిరయ్య మొదలుపెట్టాడు. మొదట్లో రెండేసి మాటలు. ఆదివారం మధ్యాహ్నం దాకా అమ్మ గంజి తాగింది. సాయంత్రం కాళ్ళు చల్లబడ్డాయి. రాత్రి తల దువ్వమంది. నూనె రాసి దువ్వారు. "గురమ్మొస్తాది, ఇలగ సూస్తే ఏడుస్తాది" అంది. వీధి తలుపు వెయ్యొద్దంది, వానజల్లు లోపలికి కొడుతున్నా సరే.

"ఏ సీర కట్టుకున్నాది?" అని అడిగింది గురమ్మ.

"ఎర్రంచుది. నువ్వు తెచ్చినదే."

"ఊఁ. తరవాత?"

"కోడికూత ఏల లేపి, 'దాన్ని తీసుకురండ్రా' అన్నాది. లక్ష్ముణ్ణి నిద్ర లేపినాను. సల్దన్నం తిని ఎల్లరా అంటే వద్దని, అలాగే ఎల్లిపోనాడు. సీకట్లోనే ఎల్లినాడు. ఆనక…"

అసిరయ్య ఆగాడు. ఆగి గుమ్మం వైపు చూశాడు.

"ఆగినావేటి?"

"లక్ష్ముడు అక్కడికి ఎల్లిన తరవాత సంగతి నాకు తెలీదప్పా. నాను సూడనేదు."

గురమ్మ నా వైపు తిరిగింది. ముందురోజు పెరట్లో పెసలు చెరిగినప్పటి నుంచీ ఆవిడ నన్ను చూడటం అదే మొదటిసారి.

"సూసినోడు నిలబడున్నాడు కదా" అంది. "ఇలా వచ్చి కూకో. ఇక్కడనుంచి నువ్వు సెప్పు."

లోపలికి వెళ్ళి కింద కూర్చున్నాను. బస్సులో కూడబలుక్కున్న ఉపన్యాసం ఒక్క ముక్క కూడా గుర్తు రాలేదు. ఇసుకలో చూసింది మాత్రం గుర్తుంది. చూసి ఊరుకున్నదీ, చూడకుండా దాటేసిందీ గుర్తుంది.

"ఆడొచ్చేసరికి సన్నగా వాన పడతన్నాది" అన్నాను.

"నెమ్మదిగా సెప్పు" అంది గురమ్మ. "ఏటీ ఒదిలీకు."